తీగ లాగితే తెర కదిలింది

చార్మినార్ నుంచి పురానాపూల్ వెళ్ళే దారిలో ఉన్న హుస్సేనీ ఆలంలో డెస్క్‌టాప్ కంప్యూటర్ ఇంకా బతుకుతెరువు. దాని తెర మినుకుమినుకుమంటే ఆ పూట పనే ఆగిపోతుంది. ఆ వణుకు ఎక్కడ పుడుతోందో వెతికే పద్ధతి తెలిస్తే చాలా తెరలు తుక్కు బండి ఎక్కవు.

డిగ్రీ ప్రవేశాలకు ‘దోస్త్’ రిజిస్ట్రేషన్లు తెరిచారంటే ఈ బస్తీ నెట్ సెంటర్లలో కూర్చోడానికి చోటుండదు. 2016లో ఈ ఆన్‌లైన్ పద్ధతి వచ్చినప్పటి నుంచి ఏటా ఇదే వరస. ప్రభుత్వ మహిళా డిగ్రీ కళాశాల ఇక్కడే ఉంది. మూసా బౌలీ, దూద్ బౌలీ, పేట్ల బుర్జు వైపు నుంచి ఇంటర్ పాసైన ఆడపిల్లలు అమ్మనో అన్ననో వెంటబెట్టుకుని వస్తారు. హాల్‌టికెట్ నంబరు, ఆధార్, ఆదాయ ధ్రువపత్రం, వెబ్ ఆప్షన్లు... ఒక్కో గడీ నింపుతుంటే తెర ఉన్నట్టుండి నల్లబడుతుంది, వెలుగుతుంది, మళ్ళీ నల్లబడుతుంది. "భయ్యా, సేవ్ అయ్యిందా?" అంటుంది అమ్మాయి కంగారుగా. సెంటర్ నడిపే ఆయన లేచొచ్చి మానిటర్ నెత్తి మీద అరచేత్తో ఒక్కటి వేస్తాడు. తెర నిలబడుతుంది.

ఈ దెబ్బను నేను తేలిగ్గా తీసుకోను. అది పనిచేసిందంటే దానికో కారణముంది. లోపల ఎక్కడో రెండు లోహపు ముక్కలు ఒకదాన్నొకటి సరిగా తాకడం లేదు. కుదుపుకు తాకాయి. వదులైన పిన్ను కావచ్చు, పగిలిన టంకం కావచ్చు, సాకెట్ లోపల పట్టు సడలిన ఇత్తడి రేకు కావచ్చు. కొట్టిన మనిషికి తెలియకుండానే సగం పరీక్ష అయిపోయింది. ఎందుకంటే సాఫ్ట్‌వేర్ జబ్బు దెబ్బకు తగ్గదు. మిగతా సగం పరీక్ష చేయకుండా రోజూ కొడుతూ పోతే మాత్రం ఆ పగులు పెరుగుతుంది. ఒకరోజు ఎంత కొట్టినా తెర వెలగదు.

తెర వణికినంత మాత్రాన తెర చెడిపోయినట్టు కాదు. గోడలోని కరెంటు తీగ మొదలుకొని కంప్యూటర్‌లోని ఒక చిన్న ప్రోగ్రామ్ దాకా ఎక్కడ తేడా వచ్చినా బయటపడేది తెర మీదే. అందుకే నింద కూడా దాని మీదే పడుతుంది. అప్పుచేసి కొత్త మానిటర్ తెచ్చి పెట్టాక అది కూడా వణికితే అప్పుడు అర్థమవుతుంది, డబ్బు ఎక్కడ పెట్టాలో అక్కడ పెట్టలేదని. నాకు తెలిసిన చిన్న దుకాణదారుల్లో చాలామందికి ఈ దెబ్బ తగిలింది. వాళ్ళకు ముందే ఎవరైనా ఓ పావుగంట కూర్చుని చెప్పి ఉంటే బాగుండేదని ప్రతిసారీ అనిపించింది.

పాత గోడలు, కొత్త తెరలు

పురానాపూల్‌ను 1578లో మూసీ మీద కట్టారు. చార్మినార్ 1591 నాటిది. రెంటినీ కలిపే దారిలో లాడ్ బజార్, మహబూబ్ చౌక్ దాటితే హుస్సేనీ ఆలం వస్తుంది. ఇక్కడ కొలువైన ఆలం, అంటే పీరు, పేరే బస్తీకి నిలిచింది. నిజాం కొలువులోని పాయిగా అమీరు ఖుర్షీద్ జా దేవిడీ (భవంతి) ఎత్తయిన స్తంభాలతో ఇక్కడే ఉంది. దాని ముందు మైదానం ఈ గల్లీల పిల్లలకు క్రికెట్ గ్రౌండు. అలాంటి దేవిడీలు కట్టిన రోజుల్లో ఊళ్ళో ఇంటింటికీ కరెంటు లేదు. నిజాం రాజ్యంలో విద్యుత్ శాఖ 1910లో ఏర్పడింది. హుస్సేన్‌సాగర్ ఒడ్డున థర్మల్ కేంద్రం 1920లో వచ్చింది. పాతబస్తీలో ఎన్నో ఇళ్ళకు ముందు సున్నపు గోడలు లేచాయి, తీగలు తర్వాత వచ్చాయి. ఇళ్ళు వాటాలయ్యాయి, వాటాలు దుకాణాలయ్యాయి, ఒకే లైన్ మీద ఎక్స్‌టెన్షన్ బోర్డులు ఒకదానికొకటి తగిలించుకుంటూ పోయారు. తెర కథలో గోడల సంగతి ఎందుకని అనిపించవచ్చు. కాసేపట్లో మళ్ళీ ఈ గోడల దగ్గరికే రావాలి.

ఇక్కడ డెస్క్‌టాప్ వాడేది ఎవరు? నెట్ సెంటర్లు, సర్టిఫికెట్ల దరఖాస్తులు నింపేవాళ్ళు, బిల్లులు కొట్టే గాజుల దుకాణాలు, ట్యూషన్ సెంటర్లు, పెళ్ళి పత్రికలు దిద్దే డిజైనర్లు. వీళ్ళకు ల్యాప్‌టాప్ కంటే డెస్క్‌టాపే ఎందుకు నచ్చుతుందంటే, అది ముక్కలు ముక్కలుగా బాగుపడుతుంది. కీబోర్డు పోతే కీబోర్డే మారుస్తారు, తెర పోతే తెరే మారుస్తారు. పైగా పెద్ద తెర ముందు ఇద్దరు ముగ్గురు నిలబడి చూడొచ్చు. కట్టబోయేది తమ డబ్బు, నింపుతున్నది తమ పేరు కాబట్టి వచ్చినవాళ్ళు కూడా కళ్ళారా చూసుకోవాలి కదా.

ఉర్దూ డిజైనర్లకు తెర నిలకడగా ఉండటం మరీ ముఖ్యం. ఒకప్పుడు కాతిబ్‌లు కలంతో రాసిన నస్తాలిఖ్ లిపిని కంప్యూటర్ మీదకు తెచ్చిన నూరీ నస్తాలిఖ్ 1981లో వచ్చింది. ఢిల్లీలో రూపొందిన ఇన్‌పేజ్ సాఫ్ట్‌వేర్ 1994లో దాన్ని మామూలు దుకాణం దాకా తెచ్చింది. ఆ లిపిలో బే, పే, తే అక్షరాలకు గిన్నె ఒక్కటే, తేడా చుక్కల్లోనే ఉంటుంది. కింద ఒక చుక్క, కింద మూడు, పైన రెండు. తెర అదురుతుంటే రెండు చుక్కలు ఒకటిగా కనబడతాయి. ఆ తప్పు అచ్చు వేసిన అయిదు వందల పెళ్ళి పత్రికల మీదకు ఎక్కాక దిద్దే దారి ఉండదు. మన ఒత్తులు, దీర్ఘాలు దిద్దేవాళ్ళకూ ఈ బాధ కొత్త కాదు.

ఈసీ టీవీ నాటి మినుకు

తెర మినుకుమనడం ఒకప్పుడు రోగం కాదు, దాని స్వభావం. అయ్యగారి సాంబశివరావు గారి సారథ్యంలో 1967లో హైదరాబాద్‌లో పుట్టిన ఈసీఐఎల్ కంప్యూటర్లూ తయారుచేసింది, టీవీలూ తయారుచేసింది. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లోని 2,400 పల్లెలకు పాఠాలు ప్రసారం చేసిన ‘సైట్’ ప్రయోగానికి సెట్లు ఇచ్చింది ఈసీఐఎల్లే. మన పల్లెలూ అందులో ఉన్నాయి. ఆ తర్వాత ఈసీ టీవీ నగరంలో ఇంటింటికీ చేరింది.

ఆ గాజు గొట్టం లోపల ఎలక్ట్రాన్ల ధార తెర మీద గీతలు గీస్తూ కిందికి దిగేది. తాకిన చోట పూత వెలిగి, కన్ను మూసి తెరిచేలోపే ఆరిపోయేది. టీవీలో సెకనుకు 50 సార్లు, తొలి కంప్యూటర్ మానిటర్లలో 60 సార్లు అలా వెలిగి ఆరేది. కన్ను దాన్ని అతికించి చూస్తుంది గానీ పూర్తిగా మోసపోదు. కంటి నడిమి భాగం కంటే అంచులు ఈ మినుకును ఎక్కువగా పట్టేస్తాయి. అందుకే పక్క బల్ల మీది మానిటర్ ఓరచూపులో ఊగుతున్నట్టుండి, నేరుగా చూస్తే నిలబడినట్టుండేది. సెట్టింగుల్లో 60ని 85 చేస్తే చాలామందికి తలనొప్పి తగ్గేది.

ఇప్పటి ఎల్‌సీడీ తెర అలా ఆరి వెలగదు. వెనక ఒక దీపం ఎప్పుడూ వెలుగుతూ ఉంటుంది. ముందున్న చుక్కలు తమ రంగును తర్వాతి బొమ్మ వచ్చేదాకా పట్టుకునే ఉంటాయి. కాబట్టి ఈ రోజుల్లో తెర కంటికి కనబడేలా ఊగిందంటే అది ఏదో ఒకటి తప్పిందని చెప్పే సాక్ష్యమే. సాక్ష్యాన్ని సాక్ష్యంలాగే వినాలి.

ముందు అడగాలి, తర్వాత విప్పాలి

మంచి మెకానిక్‌ను గుర్తుపట్టడానికి నా దగ్గర ఒక గుర్తుంది. అతను స్క్రూడ్రైవర్ కంటే ముందు ప్రశ్న తీస్తాడు. "ఎప్పుడు ఊగుతున్నదన్నా? పొద్దున ఆన్ చేయంగనేనా, వేడెక్కినంకనా? తెర మొత్తమా, ఒక పక్కనేనా? బొమ్మ పోతున్నదా, వెలుతురు పోతున్నదా? అప్పుడు బల్బు గూడ కొట్టుకుంటున్నదా?" ఈ నాలుగింటికి సూటిగా జవాబు చెప్పగలిగితే సగం పని అయినట్టే. ‘ఏమో భాయ్, ఊరికే బ్లింక్ అవుతోంది’ అని చెప్పి మానిటర్ అక్కడ పెట్టి పోయేవాళ్ళకు ఆలస్యమవుతుంది, ఖర్చూ అవుతుంది.

ఇంట్లోనే పైసా ఖర్చు లేకుండా చేసుకోగల పరీక్షలున్నాయి. వాటి వరస తెలియాలి.

మానిటర్ కింది బటన్ నొక్కితే బ్రైట్‌నెస్, కాంట్రాస్ట్ చూపించే మెనూ వస్తుంది. ఆ మెనూను కంప్యూటర్ పంపదు, మానిటరే తన లోపల తయారుచేసుకుంటుంది. వెనక బొమ్మ వణుకుతుంటే ముందు మెనూ కదలకుండా నిలబడి ఉందనుకోండి, మానిటర్ నిర్దోషి అయ్యే అవకాశమే ఎక్కువ. తప్పు కేబుల్‌లోనో కంప్యూటర్‌లోనో ఉంది. మెనూ కూడా వణికితే మానిటర్‌నో దానికి వచ్చే కరెంటునో పట్టుకోవాలి. తెర మొత్తం నల్లబడిపోయే రకమైతే మెనూ కూడా మాయమవుతుంది కాబట్టి ఈ పరీక్ష చాలదు. అప్పుడు కంప్యూటర్ నుంచి వచ్చే కేబుల్‌ను పూర్తిగా ఊడదీసి మానిటర్‌ను ఒంటరిగా వెలిగించండి. ‘నో సిగ్నల్’ అనో, ‘కేబుల్ కలపండి’ అనో ఒక డబ్బా తెర మీద తేలుతుంది. అది నిద్రలోకి జారుకునేదాకా చూడండి. ఆ డబ్బా కూడా అదిరిందంటే కంప్యూటర్‌కు దీంతో సంబంధం లేదు.

మానిటర్ బాగుందని తేలితే కంప్యూటర్ వైపు తిరగాలి. ఆన్ చేయగానే డిలీట్ మీటో, ఎఫ్2 మీటో నొక్కితే బయోస్ తెర వస్తుంది. అక్కడ విండోస్ ఇంకా లేవలేదు, డ్రైవర్లు లేవు. కాసేపు అక్కడే వదిలేయండి. అక్కడ నిలకడగా ఉండి విండోస్‌లోకి వెళ్ళగానే వణికితే గ్రాఫిక్ డ్రైవర్‌నో సెట్టింగునో అనుమానించాలి. బయోస్‌లోనే వణికితే అది కేబుల్, కార్డు, కరెంటు వ్యవహారం. విండోస్‌లో ఇంకో చిన్న చిట్కా: కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ తెరవండి. తెరంతా ఊగుతున్నా టాస్క్ మేనేజర్ కిటికీ ఒక్కటి ఊగకపోతే ఏదో ఒక ప్రోగ్రామ్ గొడవ చేస్తోంది. అదీ ఊగితే డ్రైవర్. తెర చిక్కుకుపోయినప్పుడు విండోస్, కంట్రోల్, షిఫ్ట్, బి నాలుగూ కలిపి నొక్కితే గ్రాఫిక్ డ్రైవర్ మళ్ళీ మొదలవుతుంది. సగం నింపిన ఫారం పోదు. నెట్ సెంటర్లో ప్రతి బల్ల దగ్గరా ఈ ఒక్క ముక్క రాసి అతికించాలని నా కోరిక.

2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మామూలు అప్‌డేట్లు ఆగిపోయాయి. పాత పెట్టెల మీద కొత్త విండోస్‌ను ఎలాగోలా ఎక్కిస్తే పాత గ్రాఫిక్ చిప్‌కు సరైన డ్రైవర్ దొరకక తెర అదరడం మామూలే. అలాంటప్పుడు మానిటర్ మార్చినా ఫలితం ఉండదు.

నీలిరంగు ప్లగ్గు చెప్పే సంగతులు

ఈ దుకాణాల్లో ఇప్పటికీ ఎక్కువగా కనబడేది నీలిరంగు మూతి ఉన్న వీజీఏ కేబుల్. మూడు వరసల్లో 15 పిన్నులకు చోటుంటుంది. మొదటి మూడు పిన్నులు వరసగా ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగుల్ని మోస్తాయి. 13, 14 పిన్నులు బొమ్మ ఎక్కడ మొదలవ్వాలో చెబుతాయి. కొన్ని ప్లగ్గుల్లో తొమ్మిదో పిన్ను తయారీలోనే ఉండదు. దాన్ని చూసి ఎవరైనా ‘పిన్ను విరిగింది’ అంటే నమ్మొద్దు.

కేబుల్ ఇచ్చే ఆధారాలు రంగుల్లో ఉంటాయి. తెర ఉన్నట్టుండి పసుపు తిరిగితే నీలం తీగ తెగింది. గులాబీ, ఊదా కలిసిన రంగు కమ్మితే ఆకుపచ్చ పోయింది. నీలి ఆకుపచ్చగా మారితే ఎరుపు పోయింది. రంగులు బాగుండి బొమ్మ పక్కకు జారుతూ, చిరుగుతూ, నల్లబడుతూ ఉంటే ఆ 13, 14 పిన్నుల దగ్గర వెతకాలి. ప్లగ్గుకు రెండు పక్కలా ఉండే బిగింపు స్క్రూలు ఎవరూ బిగించరు. బల్ల తుడిచినప్పుడల్లా, సీపీయూ జరిపినప్పుడల్లా ప్లగ్గు కొద్దికొద్దిగా బయటికి వస్తుంది. వానాకాలం తేమకు, గల్లీ దుమ్ముకు పిన్నుల మీద పొర కడుతుంది. ఆ రెండు స్క్రూలు బిగిస్తే తీరే జబ్బుకు మానిటర్ మార్చేసినవాళ్ళున్నారు.

హెచ్‌డీఎంఐ దారి వేరు. అందులో వెళ్ళేది అంకెల వరస కాబట్టి రంగు మెల్లగా మారడం, నీడలు పడటం ఉండవు. బొమ్మ వస్తే పూర్తిగా వస్తుంది. సిగ్నల్ అంచున ఉంటే మెరుపు చుక్కలు రాలతాయి, లేదా క్షణకాలం నల్లబడి తిరిగొస్తుంది. పొడవాటి నాసిరకం కేబుల్, వదులైన సాకెట్ దీనికి సాధారణ కారణాలు. ముందు ఇంకో కేబుల్‌తో చూడాలి, ఆ తర్వాతే కార్డు మీద చెయ్యి వేయాలి.

ఉబ్బిన డబ్బాలు

మెనూ కూడా వణికింది, ఒంటరిగా వెలిగించినా వణికింది. ఇప్పుడు మానిటర్ వీపు విప్పాలి. ఇది మీరు చేయాల్సిన పని కాదు. లోపలి పవర్ బోర్డు 230 వోల్టుల కరెంటును ముందు సుమారు 325 వోల్టుల డీసీగా మారుస్తుంది. ప్లగ్గు పీకేశాక కూడా ఆ వోల్టేజీ ఒక కెపాసిటర్‌లో కొంతసేపు నిలిచి ఉంటుంది. పాత గాజు గొట్టం మానిటర్లలోనైతే 25 వేల వోల్టుల దాకా ఉంటుంది. తెలిసిన చేతులే అక్కడికి వెళ్ళాలి.

ఆ చేతులు మొదట వెతికేది నిలువు డబ్బాల్లాంటి ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లను. వాటి పని అర్థం కావాలంటే పాతబస్తీ ఇంట్లో నీళ్ళ సంపును తలచుకుంటే చాలు. నల్లా వచ్చినప్పుడు పట్టి పెట్టుకుని, రానప్పుడు ఇంటికి సమంగా అందిస్తుంది. కెపాసిటర్ కూడా ఎగుడుదిగుడుగా వచ్చే కరెంటును పట్టి సమంగా వదులుతుంది. లోపలి ద్రవం ఎండిపోతే నిలవ తగ్గుతుంది, తెర వెనకున్న దీపం మినుకుమంటుంది. మంచి కెపాసిటర్ నెత్తి చదునుగా ఉంటుంది. చెడింది ఉబ్బుతుంది, కొన్నిసార్లు గోధుమరంగు జిగురు కారుతుంది. పొద్దున ఆన్ చేయగానే పది నిమిషాలు కొట్టుకుని, వేడెక్కాక నిలబడే తెరలో ఎక్కువగా దొరికేది ఇదే. దీనికి తలకిందులుగా, చల్లగా ఉన్నంతసేపు బాగుండి వేడెక్కాక వణికితే టంకం పగులునో, వేడి తట్టుకోలేని గ్రాఫిక్ కార్డునో చూడాలి.

1999, 2007 సంవత్సరాల మధ్య నాసిరకం ద్రవంతో తయారైన కెపాసిటర్లు ప్రపంచమంతటా మదర్‌బోర్డులను, మానిటర్లను చెడగొట్టాయి. ఆ సరుకు గొడవ సద్దుమణిగింది గానీ మన ఎండ తగ్గలేదు. ఇక్కడ ఒక లెక్క చెప్పాలి. కెపాసిటర్ మీద 105 డిగ్రీలు అని ముద్ర ఉండి, దాని ఆయుష్షు 2,000 గంటలు అంటే ఆ వేడి దగ్గర అన్ని గంటలు నిలుస్తుందని. వేడి ప్రతి 10 డిగ్రీలు తగ్గితే ఆయుష్షు రెట్టింపవుతుందన్నది ఈ వృత్తిలో అందరూ నమ్మే అంచనా. బోర్డు దగ్గర 75 డిగ్రీలుంటే అదే కెపాసిటర్ 16,000 గంటలు వస్తుంది. రోజుకు పది గంటలు నడిచే సెంటర్‌లో నాలుగేళ్ళ పైమాట. అదే చోట 85 డిగ్రీల రకం వేస్తే 4,000 గంటలే, ఏడాది దాటి కొద్దిరోజులు. రెండింటి ధరలో తేడా కొద్ది రూపాయలే. మానిటర్‌ను గోడకు అంటగట్టి, వెనక గాలి రంధ్రాల మీద ఫైళ్ళు పేర్చే అలవాటు ఆ ఆయుష్షును ఇంకా కోసేస్తుంది.

బొమ్మ వచ్చి రెండు సెకన్లలో నల్లబడితే గదిలో దీపం ఆర్పి, తెర మీద టార్చి ఏటవాలుగా కొట్టి చూడండి. లీలగా బొమ్మ కనబడితే ప్యానెల్ బతికే ఉంది, వెనక దీపమో దాన్ని వెలిగించే బోర్డో పోయింది. పాత మానిటర్లలో ఆ దీపం సన్నని ట్యూబ్‌లైట్, మొదట్లో ఎర్రగా వెలిగితే అది ముసలిదైనట్టు. కొత్తవాటిలో ఎల్‌ఈడీలు. కొన్ని ఎల్‌ఈడీ తెరలు వెలుగు తగ్గించడానికి దీపాన్ని సెకనుకు వందల సార్లు ఆర్పి వెలిగిస్తాయి. కంటికి ఊగినట్టు తెలియదు గానీ సాయంత్రానికి కొందరికి కణతలు లాగుతాయి. ఫోన్ కెమెరాతో తెరను చూస్తే అడ్డంగా నల్లటి పట్టీలు పాకుతూ కనబడతాయి. అలాంటి తెరకు బ్రైట్‌నెస్ పెంచి, గదిలో వెలుతురు కూడా పెంచుకోవడమే మందు.

పెద్ద మినుకులను చిన్న విషయమనుకోవద్దు. 1997 డిసెంబరు 16న జపాన్‌లో పోకెమాన్ కార్టూన్‌లో ఎరుపు, నీలం వెలుగులు సెకనుకు పన్నెండు సార్ల చొప్పున కొట్టుకున్న కొద్ది క్షణాలకే ఆరు వందల మందికి పైగా పిల్లలను ఆస్పత్రులకు తీసుకెళ్ళారు. మూర్ఛ ఉన్నవాళ్ళను, పార్శ్వపు తలనొప్పి ఉన్నవాళ్ళను ఊగే తెర ముందు కూర్చోబెట్టకూడదు.

తెర కాదు, గోడ

ఇప్పుడు గోడల దగ్గరికి వద్దాం. నాకు అన్నిటికంటే ఎక్కువ దిగులు కలిగించేది ఇదే.

ఇప్పటి మానిటర్లు చాలావరకు 100 నుంచి 240 వోల్టుల మధ్య ఏ వోల్టేజీలోనైనా పనిచేస్తాయి. పక్కన ఏసీ మొదలైనప్పుడు బల్బు కాస్త మందగించినా తెర చలించకూడదు. అలాంటిది బల్బుతోపాటు తెర కూడా కొట్టుకుంటోందంటే కరెంటు కాస్త తగ్గడం లేదు, తెగి తెగి వస్తోంది. సాకెట్‌లో వదులు, ఎక్స్‌టెన్షన్ బోర్డులో కాలిన రేకు, మీటరు దగ్గర సడలిన న్యూట్రల్. తెగి కలిసే ప్రతిచోటా నిప్పురవ్వ పుడుతుంది, వేడి పుడుతుంది. ప్లగ్గు ముట్టుకుంటే వేడిగా ఉందా, ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరిగిందా, చిటచిట వినబడుతోందా, కాలిన వాసన వస్తోందా? ఒక్కటి ఉన్నా ఆ సాకెట్ వాడటం ఆపేయాలి. కొన్ని దీపాలు మరీ ప్రకాశంగా, కొన్ని మరీ మందంగా వెలుగుతుంటే న్యూట్రల్ తెగుతున్నట్టే. 230 ఉండాల్సిన చోట 400 వోల్టుల వైపు ఎగబాకొచ్చు. మెయిన్ ఆఫ్ చేసి విద్యుత్ ఫిర్యాదుల నంబరు 1912కు ఫోన్ చేయడమే. అప్పుడు కంప్యూటర్ గురించి ఆలోచించే వేళ కాదు.

2025 మే 18న గుల్జార్ హౌజ్‌లో ఒక పాత ఇంట్లో అగ్నిప్రమాదం జరిగి 17 మంది చనిపోయారు. హుస్సేనీ ఆలం నుంచి అక్కడికి నడిచిపోవచ్చు. షార్ట్ సర్క్యూట్ కారణమై ఉంటుందని అధికారులు మొదట చెప్పారు. ఇరుకు మెట్లు, ఒకే ద్వారం, పాత వైరింగు ఉన్న కట్టడాలు ఈ దారంతా ఉన్నాయి. అలాంటి చోట వణికే తెర ముందస్తు హెచ్చరిక కావచ్చు. దాన్ని విననట్టు ఊరుకుంటే నష్టం మానిటర్ ధరతో ఆగదు.

అన్ని కరెంటు వణుకులూ ఇంత భయంకరమైనవి కావు. మన కరెంటు సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది, తెర 60 సార్లు బొమ్మ గీస్తుంది. ఇనుప స్టెబిలైజర్‌ను గాజు గొట్టం మానిటర్ పక్కనే పెడితే దాని అయస్కాంత ప్రభావం వల్ల ఈ రెంటి తేడా, అంటే సెకనుకు పది సార్లు, బొమ్మ నాట్యం చేసేది. స్టెబిలైజర్‌ను రెండడుగులు జరిపితే ఆగేది. ఇప్పటి తెరల్లో వీజీఏ కేబుల్‌తో కదిలే మసక పట్టీ కనబడితే ఎర్తింగు చూడాలి. మానిటర్‌ను ఒక సాకెట్‌కు, సీపీయూను దూరంగా ఇంకో సాకెట్‌కు పెట్టిన చోట ఇది వస్తుంది. రెండింటినీ ఒకే మంచి బోర్డు మీదికి తెచ్చి చూడండి. యూపీఎస్ మీద ఉన్నప్పుడు మాత్రమే తెర అదిరితే బ్యాటరీ ముసలిదైందేమో చూడాలి. యూపీఎస్‌ను పక్కన పెట్టి నేరుగా గోడకు కలిపి చూస్తే అరనిమిషంలో తేలుతుంది.

బాగుచేసే చేతులు

విడి భాగాలకు ఈ బస్తీ మెకానిక్కులు కోఠీలోని గుజరాతీ గల్లీకి వెళ్తారు. కంప్యూటర్ సామాను కావాలంటే సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ ఉంది. పురానాపూల్ అవతల గురువారాల్లో జుమేరాత్ బజార్ నడుస్తుంది. పాత అడాప్టర్లు, కేబుళ్ళు, చచ్చిన మానిటర్ల నుంచి ఊడదీసిన బోర్డులు అక్కడ దొరుకుతాయి. ఒక మానిటర్ ప్యానెల్ పగిలితే దాని పవర్ బోర్డు ఇంకో మానిటర్‌ను బతికిస్తుంది. ఈ పని చేసేవాళ్ళకు ఏ పట్టా ఉండదు. పదేళ్ళపాటు మేస్త్రీ పక్కన కూర్చుని నేర్చిన చదువు అది. దాన్ని మనం విద్యగా లెక్కపెట్టకపోవడం నాకు బాధగా ఉంటుంది. ఆ విద్య ఉన్న మనిషే నిజాయితీగా ‘ప్యానెల్ పోయిందమ్మా, దీనికి పెట్టే డబ్బుతో ఇంకోటి వస్తుంది’ అని కూడా చెప్పగలడు. నిలువు గీతలు పడి, అంచు నొక్కితే మాయమై మళ్ళీ వస్తుంటే ఆ మాట నమ్మొచ్చు.

2022లో ప్రపంచం 6.2 కోట్ల టన్నుల ఎలక్ట్రానిక్ వ్యర్థాలను పారేసింది. పద్ధతి ప్రకారం సేకరించి రీసైకిల్ చేసినట్టు లెక్క ఉన్నది అందులో 22.3 శాతమే. పాత గాజు గొట్టంలో సీసం ఉంటుంది, పాత ఎల్‌సీడీ వెనక ట్యూబుల్లో పాదరసం ఉంటుంది. వాటిని మూసీ ఒడ్డున పగలగొట్టి రాగి ఏరుకునే పిల్లల ఊపిరితిత్తుల్లోకి అవి వెళ్తాయి. మన దేశంలో కొత్త ఈ-వ్యర్థాల నిబంధనలు 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి. కేంద్ర వినియోగదారుల శాఖ 2022 డిసెంబరులో ‘రైట్ టు రిపేర్’ (బాగుచేయించుకునే హక్కు) పోర్టల్ తెరిచింది. మానిటర్లకు సర్క్యూట్ చిత్రాలు, విడి భాగాలు హుస్సేనీ ఆలం మెకానిక్‌కు అందే రోజు వస్తేనే ఆ హక్కు కాగితం దాటినట్టు.

మెకానిక్ దగ్గరికి వెళ్ళేటప్పుడు మానిటర్ ఒక్కటే మోసుకెళ్ళకండి. దాని కేబుల్, దాని అడాప్టర్ కూడా పట్టుకెళ్ళండి. లేకపోతే అసలు దోషి ఇంట్లోనే ఉండిపోయి, అక్కడ తెర చక్కగా వెలుగుతుంది. ఊగుతున్నప్పుడు ఫోన్‌లో వీడియో తీసి పెట్టుకోండి, పక్కన బల్బు కూడా కనబడేలా తీయండి. కెపాసిటర్ మారిస్తే 105 డిగ్రీల రకం వేయమని అడగండి. తీసేసిన ముక్క చూపించమనండి. మార్చిన తేదీ, మార్చిన భాగం పేరు ఒక చీటీ మీద రాసి మానిటర్ వీపుకు అతికించమనండి. మళ్ళీ విప్పే మనిషి ముందు చదివేది దాన్నే.